ఎర్రమలలో నాలుగు రోజులు: సున్నపురాయి వెంట

నేను నంద్యాలలో పుట్టి పెరిగాను. ఊరికి తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, నడుమ కుందేరు లోయ. నల్లమల అంటే మాకు మహానంది, అహోబిలం, అడవి, పులి. ఎర్రమలకు అంత పేరు లేదు. దూరం నుంచి చూస్తే ఎవరో కత్తితో పైభాగం కోసేసినట్టు చదునుగా, ఎండకు కాగి ఎర్రగా కనబడే కొండలు. బస్సులో వాటి పక్కనుంచి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. దిగి చూసింది మాత్రం లేదు.

పోయిన చలికాలం మా పాత ఇల్లు బాగు చేయిస్తున్నాం. నేల మీద పరిచిన నాపరాళ్లు తీసేసి టైల్స్ వేద్దామనుకున్నాం. మేస్త్రీ ఒక బండ లేపి, గోడకు ఆనించి, చేత్తో దుమ్ము తుడిచి, "ఇంత మందం బండలు ఇప్పుడెక్కడ దొరుకుతాయమ్మా, ఉంచుకోండి" అన్నాడు. బండ అడుగుభాగం ఆ రోజే మొదటిసారి చూశాను. పైన మా కాళ్లకు అరిగి నున్నగా ఉంది. కింద మాత్రం గని నుంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే గరుకుగా, పొరలు పొరలుగా ఉంది. నలభై ఏళ్లు దాని మీదే పడుకున్నాం, తిన్నాం, పాకాం. ఇది ఎక్కడిదని ఒక్కనాడూ అడగలేదు.

మా చిన్నాయన బేతంచర్లలో ఉంటాడు. ముప్పై ఏళ్లు నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీల్లో పనిచేశాడు. ఫోన్ చేసి అడిగితే, "అబ్బోణ్ణి కూడా తీసుకుని రా, నాలుగు రోజులు తిప్పుతా" అన్నాడు. సంక్రాంతి సెలవుల్లో మా పన్నెండేళ్ల వాణ్ణి వెంటబెట్టుకుని బయల్దేరాను.

మొదటి రోజు: బేతంచర్ల

నంద్యాల నుంచి గుంతకల్లు వెళ్లే రైలు మార్గంలోనే బేతంచర్ల. స్టేషన్ దిగి బయటికి రాగానే ఊరంతా రాయే. ఇళ్ల గోడలు రాయి, అరుగులు రాయి, పొలాల చుట్టూ కంచెలు కూడా నిలువుగా పాతిన బండలే. ముళ్లకంప బదులు మనిషి నడుమెత్తు రాళ్లు వరుసగా నిలబెట్టిన చేలు మా వాడికి వింతగా తోచాయి. చిన్నాయన ఇంట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని, పొద్దెక్కక ముందే గని వైపు బయల్దేరాం.

నాపరాయి గని అంటే లోతైన బావిలా ఉంటుందనుకున్నాను. ఇక్కడ మెట్లుమెట్లుగా దిగే పెద్ద గుంత. గోడ చూస్తే వేల కాగితాలు దొంతరగా పేర్చినట్టుంది. ఒక పొర బూడిదరంగు, ఒకటి లేత ఆకుపచ్చ, ఒకటి కొంచెం ఊదా. చిన్నాయన వంగి రెండు పొరల మధ్య సన్నటి గీత చూపించాడు. "ఇక్కడ ఉలి పెట్టి కొడితే బండ దానంతట అదే లేస్తుంది. రాయి మనకు దారి చూపిస్తుంది. అడ్డంగా కొట్టినావా, ముక్కలైపోతుంది." ఇప్పుడు మిషన్లు వచ్చాయి. ఆయన పనిలో చేరిన రోజుల్లో ఉలి, సుత్తి, గడ్డపారే.

ఆ ఒక్కో పొరా ఒకప్పటి సముద్రపు అడుగు. ఇప్పుడు కర్నూలు, నంద్యాల, కడప జిల్లాలున్న చోట లోతు తక్కువ సముద్రం ఉండేది. నీటిలో కరిగి ఉన్న సున్నం మెత్తటి బురదగా అడుగున పేరుకుంటూ, మీద పడే బరువుకు బిగుసుకుంటూ రాయిగా మారింది. అది జరిగి యాభై కోట్ల ఏళ్లకు పైనే అయింది. ఎంత పాతదంటే, ఈ రాతిలో నత్తగుల్లలు, ఆలిచిప్పలు వెతికినా దొరకవు. గుల్ల కట్టుకునే ప్రాణులు భూమ్మీద ఇంకా పుట్టలేదు. ఈ మాట చెప్పగానే మా వాడు చేతిలో ఉన్న రాతి ముక్కను జాగ్రత్తగా కింద పెట్టాడు.

నన్ను బాగా ఆనందపెట్టిన విషయం ఇంకొకటుంది. ఈ రాళ్లకు శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లు మన ఊళ్లవే. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ ప్రాంతమంతా తిరిగి 1872లో అచ్చువేసిన గ్రంథంలో, రాతి వరుసలకు ఎక్కడివి అక్కడి పేర్లే పెట్టాడు. ఇప్పటికీ భూగర్భ శాస్త్రం చదివేవాళ్లు కింది నుంచి పైకి వరుసగా బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల అని చదువుతారు. మొత్తాన్ని కలిపి కర్నూలు సమూహం అంటారు. మాకు బస్సు కండక్టర్ నోట వినబడే పేర్లు అవి. ఇందులో నార్జి అనేది సున్నపురాయి, నాపరాయికి అసలు తల్లి. దాని మీద ఔకు పేరుతో పలచటి మట్టిరాయి. ఆపైన పాణ్యం క్వార్ట్‌జైట్, అంటే ఇసుక గట్టిపడి గాజులా బిగిసిన ఎర్రరాయి. ఎర్రమల పైభాగం చదునుగా, ఎర్రగా ఉండడానికి కారణం ఈ పైరాయే. అది కప్పులా కాపాడుతుంటే కింద సున్నపురాయి నిలిచింది. మనకు కనబడేది ఎరుపు, కొండ కడుపులో ఉన్నది సున్నం.

మధ్యాహ్నం ఒక పాలిష్ ఫ్యాక్టరీ చూశాం. బండను మిషన్ మీద పెట్టి, నీళ్లు పోస్తూ అరగదీస్తారు. ఆ నీళ్లతో పాటు కారిన రాతి బురద ఎండిపోయి, ఊరి చుట్టూ బూడిదరంగు దిబ్బలయింది. గాలి వీస్తే ఆ దుమ్ము చెట్ల ఆకుల మీద, ఇళ్ల మీద, మనుషుల ఊపిరితిత్తుల్లో. చిన్నాయనకు రాత్రిళ్లు దగ్గు వస్తుంది. "అలవాటైపోయిందిలే పాపా" అంటాడు. అలవాటు కాకూడని విషయం అది. నా నేల నున్నగా ఉండడానికి ఎవరి రొమ్ము గరుకైందో నాకు ఆ ఫ్యాక్టరీలో తెలిసింది.

సాయంత్రం బిలసర్గం వెళ్లాం. బిలస్వర్గం అని కూడా రాస్తారు. బేతంచర్లకు సుమారు అయిదు కిలోమీటర్లు. ఒకప్పుడు అది పెద్ద గుహ. పైకప్పు కూలిపోవడంతో ఆకాశం కనబడే సన్నటి లోయ మిగిలింది. రెండు పక్కలా నిట్టనిలువు సున్నపురాతి గోడలు, ఆ గోడల్లో నల్లగా నోళ్లు తెరుచుకున్న గుహలు. ఒకచోట కూలకుండా మిగిలిన కప్పు ముక్క, రాతి వంతెనలా తల మీద నిలిచి ఉంది. లోపల నడుస్తుంటే మన అడుగుల చప్పుడే వెనక నుంచి ఎవరో వస్తున్నట్టు వినిపిస్తుంది.

కెప్టెన్ న్యూబోల్డ్ అనే ఆయన 1844లో ఈ గుహల్లో పాత ఎముకలున్నాయని రాశాడు. నలభై ఏళ్ల తర్వాత, 1884–85లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ కలిసి ఇక్కడ తవ్వకాలు జరిపారు. మన దేశపు చరిత్రపూర్వ యుగ పరిశోధనకు ఆద్యుడని పేరున్న ఫుట్ ఈయనే. మట్టిలోంచి కుప్పలుగా ఎముకలు, పళ్లు బయటపడ్డాయి. వాటిని పరిశీలించిన రిచర్డ్ లిడెకర్, అందులో ఒక ఖడ్గమృగం ఎముకలు గుర్తించి, దానికి కర్నూలు పేరు కలిపి 'రైనోసెరస్ కర్నూలియెన్సిస్' అని పెట్టాడు. హైనా ఎముకలు కూడా దొరికాయి. ఖడ్గమృగాన్ని చూడాలంటే ఇప్పుడు అస్సాం దాకా పోవాలి. ఒకప్పుడు అది ఇక్కడ, ఈ కంది చేలున్న చోట తిరిగింది.

సున్నపురాతి గుహల్లో ఎముకలు ఇంతకాలం నిలవడానికి రాయే కారణం. మామూలు ఎర్రమట్టిలో ఎముక త్వరగా కరిగిపోతుంది. సున్నం ఉన్న మట్టిలో ఎముకలోని సున్నానికి కరిగే అవసరం రాదు. రాయి ఎముకను తన దానిలా దాచుకుంటుంది.

చీకటి పడుతుంటే గబ్బిలాలు మొదలయ్యాయి. వెనక్కి వచ్చేశాం.

రెండో రోజు: బనగానపల్లె, యాగంటి

పొద్దున్నే జీపు మాట్లాడుకుని బనగానపల్లె వెళ్లాం. ఎండాకాలం అయితే ఇక్కడ బంగినపల్లి మామిడి దగ్గరే ఆగిపోయేవాళ్లం. ఆ పండుకు పేరు ఈ ఊరిదే, 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఊరు ఒకప్పుడు నవాబుల సంస్థానం. సముద్రం మొదట వచ్చినప్పుడు పేరుకున్న గులకరాళ్ల పొర ఇక్కడిది, అందులో వజ్రాలు దొరికేవి. పాతకాలంలో చిన్న చిన్న గుంతలు తవ్వి ఆ పొర దాకా పోయేవాళ్లు.

ఊళ్లో చింతమాను మఠం చూశాం. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువుల కాపరిగా ఉన్నాడనీ, ఆవులను కొండకు తోలుకుపోయి రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశాడనీ, ఆ తాళపత్రాలను పాతిపెట్టిన చోటే ఈ చింతచెట్టు ఉందనీ ఇక్కడి నమ్మకం. రవ్వ అంటే వజ్రపు తునక. ఆ కొండకు ఆ పేరు ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది కదా. గుహలోకి వంగి వెళ్లాలి. లోపల గాలి తక్కువ, దీపపు పొగ. కూర్చుంటే బయటి ప్రపంచం చప్పుడు ఒక్కటీ చేరదు. పశువులు కాసేవాడికి మధ్యాహ్నపు ఎండలో దొరికే అత్యంత చల్లటి చోటు అదే. అక్కడ కూర్చుని రాశాడంటే నాకు చాలా సహజంగా అనిపించింది.

అక్కడి నుంచి యాగంటి సుమారు 12 కిలోమీటర్లు. మలుపు తిరగగానే మూడు వైపులా కొండ గోడలు, మధ్యలో గుడి. ఈ ప్రయాణం మొత్తంలో నేను మళ్లీ మళ్లీ వెళ్లాలనుకునే చోటు ఇదే.

గోడలు నిజంగా గోడల్లాగే ఉంటాయి. ఇటుకలు పేర్చినట్టు అడ్డంగా పొరలు, వాటిని నిలువుగా కోస్తూ పగుళ్లు. ఆ పగుళ్లలోంచి మర్రి, రావి వేళ్లు జారి కిందికి వేలాడుతున్నాయి. చలికాలం పొద్దున కావడంతో ఎండ ఇంకా లోయలోకి దిగలేదు. పైన రాయి ఎర్రగా వెలుగుతోంది, కింద మేం నీడలో ఉన్నాం.

ముందు కోనేరు. కొండలోంచి వచ్చే నీరు రాతి నంది నోట్లోంచి పడి, అక్కడి నుంచి పెద్ద కోనేటికి చేరుతుంది. వానాకాలం, ఎండాకాలం తేడా లేకుండా వస్తుందని పూజారి చెప్పారు. రాయలసీమలో పెరిగినవాళ్లకు ఈ మాట విలువ వేరుగా తెలుస్తుంది. బిందెల వరుసలో నిలబడిన చిన్నతనం నాది. కొండ పైభాగం చదును, నిండా పగుళ్లు. పడిన వాన పారిపోకుండా పగుళ్లలోకి దిగుతుంది. దిగి దిగి, నీటిని పోనివ్వని మట్టిరాయి పొర తగిలితే అక్కడ ఆగి, పక్కకు జరిగి, కొండ పక్కనుంచి బుగ్గగా బయటికొస్తుంది. ఇప్పుడు నా దోసిట్లో ఉన్న నీళ్లు ఎన్నో వానల కిందట పడినవి. కొండ వాటిని పట్టి ఉంచి, కొంచెం కొంచెంగా ఇస్తోంది. ఎర్రమలలో చాలా గుళ్లు ఇలా నీటి దగ్గరే వెలిశాయి. బేతంచర్ల పక్కన మద్దిలేటి నరసింహస్వామి క్షేత్రం కూడా అంతే. ఈసారి అక్కడికి వెళ్లలేకపోయాం.

గుడి విజయనగర కాలానిది. సంగమ వంశపు హరిహర బుక్కరాయల పేరు చెబుతారు. గర్భగుడిలో లింగం కాదు, ఒకే రాతిలో శివపార్వతుల విగ్రహం. దీనికి కథ ఉంది. అగస్త్యుడు ఇక్కడ వేంకటేశ్వరుణ్ణి నిలపాలనుకున్నాడు. విగ్రహం కాలి గోరు విరిగింది. మనసు నొచ్చుకుని తపస్సు చేస్తే శివుడు ప్రత్యక్షమై, ఈ చోటు కైలాసంలా ఉంది, ఇది నాకు తగినది అన్నాడు. అయితే అమ్మవారితో కలిసి ఒకే రాతిలో వెలవమని ఋషి అడిగాడు. ఇంకో కథలో చిట్టెప్ప అనే భక్తుడికి శివుడు పులి రూపంలో కనబడితే, 'నే కంటి, నే కంటి' అని కేకవేశాడట. ఆ నేకంటే యాగంటి అయింది. నాకు ఈ రెండో కథ ఇష్టం. చూడగానే నోటి నుంచి వచ్చిన మాటే ఊరి పేరైంది.

యాగంటి బసవన్న గురించి చెప్పకుండా ఎవరూ ఉండరు. రాతి నంది పెరుగుతోందని, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసేవాళ్లమని, ఇప్పుడు స్తంభాలకూ నందికీ మధ్య మనిషి పట్టడని పెద్దలు చెబుతారు. జాగా కోసం ఒక స్తంభం తీసేశారని చోటు చూపిస్తారు. కలియుగాంతంలో ఈ బసవన్న లేచి రంకె వేస్తాడని కాలజ్ఞానం మాట. చిన్నాయన నంది చెవి దగ్గర చేయి పెట్టి కళ్లు మూసుకున్నాడు. ముప్పై ఏళ్లు రాయిని కోసిన చేయి అది. ఆ చేత్తోనే రాయికి మొక్కుతున్నాడు. ఆయనకు అందులో విరుద్ధమేమీ కనబడదు, నాకూ కనబడలేదు.

ఇక్కడ కాకులుండవు. తపస్సుకు అడ్డం వచ్చాయని అగస్త్యుడు శపించాడంటారు. మా వాడు రోజంతా ఆకాశం చూస్తూనే ఉన్నాడు. పావురాలు, చిలకలు, కోతులు కనబడ్డాయి గానీ కాకి కనబడలేదు.

గుహలు మూడు. అగస్త్య గుహకు నిటారుగా సుమారు 120 మెట్లు. చిన్నాయన కింద కూర్చుండిపోయాడు. మేం ఎక్కాం. పైకి వెళ్లేసరికి కాళ్లు వణికాయి, కానీ లోపలి చల్లదనానికి ఆ అలుపంతా మరిచిపోయాం. పక్కన వేంకటేశ్వర గుహలో కథలోని ఆ గోరు విరిగిన విగ్రహం. దేవుణ్ణి పక్కన పెట్టేయలేదు, ఆయనకూ గుహ ఇచ్చారు, దీపం పెడుతున్నారు. మూడోది వీరబ్రహ్మం గుహ. నడుం బాగా వంచితే గానీ వెళ్లలేం. మోకాళ్లనొప్పులున్నవాళ్లు వద్దనుకోవడమే మంచిది.

మధ్యాహ్నం సత్రంలో అన్నం పెట్టారు. తిని కోనేటి గట్టు మీద చాలాసేపు కూర్చున్నాం. చేసిన పనేమీ లేదు. నీటి చప్పుడు విన్నాం.

మూడో రోజు: జ్వాలాపురం

ఈ రోజు తక్కువ తిరిగాం, ఎక్కువ ఆలోచించాం. యాగంటికి దగ్గరలోనే జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే పల్లె ఉంది. గుడి లేదు, గుహ లేదు, బోర్డు కూడా మాకు కనబడలేదు. గుంతల్లో తెల్లటి పొడి మాత్రం ఉంది. వేళ్ల మధ్య రుద్దితే పిండిలా మెత్తగా ఉంటూనే సన్నగా గీరుకుంటుంది.

అది అగ్నిపర్వతం బూడిద. ఇక్కడిది కాదు. సుమారు 74,000 ఏళ్ల కిందట ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం పేలింది. మనకు రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరం. ఆ బూడిద గాలిలో వచ్చి ఇక్కడ కురిసి, కొండ వాలుల నుంచి కొట్టుకొచ్చి లోయలో పేరుకుంది. ఆ పొరకు కిందా, పైనా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని, రవి కోరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా బృందం 2007లో ప్రకటించింది. అంటే బూడిద కురవకముందు ఇక్కడ మనుషులున్నారు, కురిసిన తర్వాత కూడా ఉన్నారు. అంత పెద్ద ఆపద తర్వాత మనిషి ఎలా బతికాడనే ప్రశ్న గురించి ప్రపంచమంతా మాట్లాడుకునేటప్పుడు మన జ్వాలాపురం పేరు వస్తుంది.

అలాంటి బూడిదను గిన్నెలు తోమే పొడి కోసం తవ్వి అమ్మారు. చాలా గుంతలు ఆ తవ్వకాలవే. ఒక తాత మేకలు మేపుతూ కనిపించి, "మా ఇంట్లో కూడా దీంతోనే తోమేవాళ్లం, తళతళలాడతాయి" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. చెప్పేవాళ్లు ముందే వచ్చి చెప్పి ఉండాల్సింది. మిగిలిన గోడ ఒక్కటైనా చుట్టూ కంచె వేసి, నాలుగు తెలుగు వాక్యాలతో బోర్డు పెడితే చాలు, ఈ ఊరి బడిపిల్లలే కాపాడుకుంటారు. నేను ఈ మాట బలంగా నమ్ముతున్నాను.

సాయంత్రం అవుకు మీదుగా కొలిమిగుండ్ల వైపు వెళ్లాం. దారిలో అవుకు రిజర్వాయరు, కొండల మధ్య నీలంగా. ఆ తర్వాత నేల మారిపోతుంది. నల్లరేగడి చేలు, మధ్యమధ్యలో నాపరాతి గనులు, దూరంగా సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు. సిమెంటు అంటే సున్నపురాయిని మట్టితో కలిపి కాల్చి పొడి చేయడమే. హైదరాబాదులో నేనుండే అపార్టుమెంటు గోడల్లోనూ ఇలాంటి పాత సముద్రమేదో ఉంది.

నాలుగో రోజు: బెలుం

బెలుం గుహలకు పొద్దున్నే వెళ్లడం మంచిది. జనం తక్కువ, లోపల వేడి కూడా తక్కువ అనిపిస్తుంది. నీళ్ల సీసా తప్పనిసరి. కొండ ఎక్కాలేమో అనుకుని వచ్చేవాళ్లు ఆశ్చర్యపోతారు. ఇక్కడ కొండే లేదు. చదును పొలంలో బావుల్లాంటి మూడు గుంతలు. మధ్య గుంతలోంచి మెట్లు దిగితే, కాళ్ల కింద ఇంకో ఊరు.

ఈ గుహలను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రాసిపెట్టాడు. బిలసర్గం తవ్విన ఆయనే. తర్వాత దాదాపు వందేళ్లు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఊరివాళ్లు చెత్త పారబోసిన రోజులు కూడా ఉన్నాయి. 1982, 83లో హెర్బర్ట్ డేనియల్ గెబావర్ అనే జర్మన్ గుహాన్వేషకుడు బృందంతో వచ్చి లోపల కొలిచాడు. మొత్తం పొడవు 3229 మీటర్లు. మనకు చూపించేది దాదాపు ఒకటిన్నర కిలోమీటరు. పర్యాటక శాఖ చెత్త, బురద తీయించి, దీపాలు పెట్టి, గాలి గొట్టాలు వేసి 2002లో జనానికి తెరిచింది. పాతకాలపు మట్టిపాత్రలు, బౌద్ధ భిక్షువులు నివసించిన ఆనవాళ్లు లోపల దొరికాయి. అందుకే బయట పెద్ద బుద్ధ విగ్రహం పెట్టారు.

లోపల మొదట గమనించాల్సింది గోడలు. ఎక్కడా కోణాలు లేవు. కుండ లోపలి వైపులా అంతా గుండ్రం, నునుపు. ఇది నీటి పని. వాననీరు గాలిలోంచి, మట్టిలోంచి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని, చాలా పలచటి సోడాలా మారుతుంది. ఆ నీరు సున్నపురాతి పగుళ్లలో నిండి, తాకిన చోటల్లా కొంచెం కొంచెం కరిగిస్తుంది. గుహ నిండా నీరున్నన్నాళ్లు నేల, గోడ, కప్పు అన్నీ సమానంగా కరిగాయి. అందుకే ఈ నునుపు. తర్వాత నీరు కిందికి దిగిపోయి దారులు ఖాళీ అయ్యాయి.

కరిగించిన నీరే మళ్లీ కడుతుంది కూడా. కప్పు నుంచి బొట్టు వేలాడినప్పుడు అందులోని వాయువు గాలిలోకి పోతుంది, మోస్తున్న సున్నాన్ని నీరు అక్కడే వదిలేస్తుంది. మా ఇళ్లలో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదీ ఇదే. మేం దాన్ని గార అంటాం. గోడకు పూసే సున్నమూ గారే, పళ్లకు పట్టేదీ గారే. బెలుంలో ఆ గార వేల ఏళ్లు పేరుకుని శివలింగాలైంది, మర్రి ఊడలైంది.

ఆ చోట్లకు అలాంటి పేర్లే పెట్టారు. సింహద్వారంలో రాయి అచ్చం సింహం తలలా వంగి ఉంటుంది. కోటిలింగాల దగ్గర కప్పు నుంచి నేల నుంచి వందలాది లింగాలు. అక్కడ చెప్పులు విడిచి నిలబడిన ఒక ముసలావిడ చేతులు జోడించి కదలకుండా ఉంది. ఊడల మర్రి దగ్గర పైకి చూస్తే నిజంగానే మర్రి కింద నిలబడ్డట్టుంటుంది. ధ్యానమందిరంలో కూర్చునేందుకు రాతి అరుగులాంటిది ఉంది.

సగం దారిలో మా వాడికి ఊపిరాడనట్టయింది. లోపల తేమ చాలా ఎక్కువ, చొక్కాలు తడిసి ఒంటికి అతుక్కున్నాయి. వాడి మొహం పాలిపోయేసరికి నాకు టెన్షన్ వచ్చింది. చిన్నాయన కంగారు పడలేదు. వాణ్ణి గాలి గొట్టం ఉన్న చోటికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, కొంచెం కొంచెంగా నీళ్లు తాగించి, "గనిలో దిగిన కొత్తలో నాకూ ఇట్లే అయ్యేది రా. తొందరగా పీల్చొద్దు, నిదానంగా పీల్చు" అని వీపు నిమిరాడు. పది నిమిషాలకు తేరుకున్నాడు. ఉబ్బసం ఉన్నవాళ్లు, గుండె జబ్బులున్నవాళ్లు, చిన్నపిల్లలతో వచ్చినవాళ్లు చివరిదాకా వెళ్లాలని పట్టుబట్టవద్దు. మొదటి సగంలోనే చూడాల్సింది చాలా ఉంది.

పాతాళగంగ అన్నిటికన్నా లోతు, నేల నుంచి సుమారు 46 మీటర్లు. మెట్లు దిగే కొద్దీ దారి సన్నబడుతుంది. అడుగున రాతి మధ్య సన్నటి నీటి పాయ కనబడి, అంతలోనే రాతిలోకి మాయమైపోతుంది. వంగి చేయి పెట్టాను. చల్లగా లేదు, వేడిగా లేదు. యాగంటిలో కొండ పక్కనుంచి బయటికొచ్చిన నీరు చూశాం, ఇక్కడ లోపల ఇంకా పనిచేస్తున్న నీరు చూశాం.

సప్తస్వరాల గుహ చివర్న చూశాం. వేలాడే రాళ్లను వేలి కణుపుతో మెల్లగా తడితే ఒక్కోటీ ఒక్కో రకంగా మోగుతుంది. గైడు రెండు మూడు తట్టి చూపించాడు. చిన్నాయన చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. అంతవరకు గుహల గురించి పెద్దగా మాట్లాడనివాడు అక్కడ మొదలుపెట్టాడు. ఫ్యాక్టరీలో బండ లారీ ఎక్కే ముందు ఇలాగే కణుపుతో తట్టి చూసేవారట. ఖంగున మోగితే మంచి బండ. మొద్దుగా పలికితే లోపల ఎక్కడో పగులుంది, కళ్లకు కనబడదు, చెవికి దొరుకుతుంది. "ముప్పై ఏళ్లు ఈ చప్పుడే విన్నా. దానికి స్వరమని పేరు పెట్టొచ్చని నాకు తట్టలేదు" అన్నాడు.

దయచేసి గైడు చూపించింది విని, మనం తట్టకుండా వచ్చేద్దాం. చేతి జిడ్డు అంటిన చోట గార కట్టడం ఆగిపోతుంది. కొన్ని ఊడలు ఇప్పటికే చేతులు తగిలి నల్లబడ్డాయి, కొన్ని విరిగిపోయాయి. గోడల మీద గీసిన పేర్లు కూడా చూశాను.

పైకి వచ్చేసరికి మధ్యాహ్నం. వెలుతురుకు కళ్లు చికిలించుకుంటూ తాడిపత్రి వైపు బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డాం. అక్కడ కూర్చోవడానికి రెండు రాళ్ల మీద పెద్ద నాపరాయి వేసి ఉంది. మా వాడు దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చెవి ఆనించి, కణుపుతో ఒకసారి తట్టాడు. కొంచెం జరిగి మళ్లీ తట్టాడు.

"పలికిందా?" అన్నాడు చిన్నాయన.

"ఇక్కడ పలికింది తాతా. ఈ మూల పలకలేదు."

చిన్నాయన లేచి వెళ్లి, ఆ మూల వేలితో తడిమి చూసి, తల ఊపాడు.